పాషా గారికి మాగిన అరటిపళ్లు: బార్సిలోనాలో 87 రోజులు

31 ఏళ్లు వ్యవసాయ శాఖలో చేశాను. అందులో సగానికి పైగా మార్కాపురం చుట్టుపక్కల కంది చేలల్లోనే గడిచిపోయింది. ఏ పురుగు ఏ దశలో ఉంది, దానికి ఏ మందు ఎంత కొట్టాలి, ఇదే ఉద్యోగం. రెక్కలొచ్చి ఎగిరిపోయాక దానితో మాకు పని లేదు, మా తగువంతా గొంగళిపురుగుతోనే. అలాంటివాణ్ని, పోయిన వేసవిలో అమ్మాయి దగ్గరికి బార్సిలోనా వెళ్లి, వీసా ఇచ్చిన 90 రోజుల్లో 87 రోజులు అక్కడే ఉండి సీతాకోకచిలుకల ఫొటోలు తీసుకుంటూ తిరిగొచ్చానంటే మా పాత ఆఫీసువాళ్లు ఇప్పటికీ నవ్వుతున్నారు. రోజూ రాత్రి డైరీలో రెండు ముక్కలు రాసుకునేవాణ్ని. అవే కొంచెం సాపు చేసి పెడుతున్నాను. జ్వరం వచ్చిన రోజులు, షాపింగ్ రోజులు, మా ఆవిడతో గొడవపడ్డ రోజులు తీసేశాను.

జూన్ 9, బాల్కనీ

వచ్చి నాలుగు రోజులైంది, నిద్ర ఇంకా ఇక్కడి గడియారానికి కుదరలేదు. నాలుగింటికే మెలకువ వచ్చేస్తోంది. కాఫీ కలుపుకుని బాల్కనీలో కూర్చుంటే చేసేదేమీ లేక కుండీలు చూస్తున్నాను. మన ఇళ్లల్లో తులసి కుండీ ఉన్నట్టు ఈ ఊళ్లో ప్రతి బాల్కనీకీ జెరేనియం కుండీ ఉంటుంది. అమ్మాయి కుండీలో మొక్క పైనంతా పచ్చగానే ఉంది కానీ ఒక కొమ్మ మాత్రం వాడిపోయింది, మొగ్గలు నల్లబడ్డాయి. చేయి ఊరుకోదు కదా, కొమ్మ తుంచి గోటితో నిలువునా చీల్చాను. లోపల సొరంగం, పురుగు పెంట, చివర ఆకుపచ్చగా, గులాబీ గీతలతో బుల్లి పురుగు. కాండం తొలిచే పురుగు! ఇంత దూరం వచ్చినా వదల్లేదు.

దీని పెద్దది మధ్యాహ్నం కనిపించింది. బొటనవేలి గోరంత ఉంటుంది. పైన మామూలు గోధుమ రంగే, రెక్కలు మూస్తే మాత్రం అడుగున బూడిద, గోధుమ రంగుల గజిబిజి గీతలు, అంచు చుట్టూ నలుపూ తెలుపూ గళ్లు, వెనక దారప్పోగంత తోక. జెరేనియం బ్రాంజ్ అంటారట. దీని సొంతూరు దక్షిణాఫ్రికా. 1990 ప్రాంతంలో మొక్కలతో పాటు స్పెయిన్ వాళ్ల మయోర్కా దీవికి చేరి, అక్కణ్నుంచి మధ్యధరా తీరమంతా కుండీ కుండీకీ పాకింది. ఇక్కడివాళ్లు దీని పురుగుని తలాద్రో అంటారు, అంటే డ్రిల్లు. పేరు పెట్టడంలో వాళ్లూ మా శాఖవాళ్లే.

ఫోన్లో తీస్తే మసక మరక వచ్చింది. సాయంత్రం అల్లుడు తన పాత కెమెరా, మాక్రో లెన్సు తెచ్చి చేతిలో పెట్టి, "మామయ్యా, ఇది మూడేళ్లుగా అలమరలోనే ఉంది, మీరే వాడండి" అన్నాడు. అక్కడ మొదలైంది.

జూన్ 15, కొల్సెరోలా

ఊరిని ఆనుకునే కొండలు. ప్లాసా కతలూన్యాలో రైలెక్కితే వల్విద్రేరా స్టేషనుకి ఇరవై నిమిషాలు పట్టదు. దిగగానే పైన్ చెట్లు, సింధూర జాతి (ఓక్) చెట్లు. అంత పెద్ద నగరానికి ఇంత దగ్గర్లో ఇంత అడవి ఉందంటే మన హైదరాబాదు గుర్తొచ్చి కడుపు మండింది, ఆ మాట వదిలేద్దాం.

మొదటి రోజు 214 ఫొటోలు తీశాను. పనికొచ్చినవి మూడు. మనం చేసే తప్పేంటంటే నిలబడి పైనుంచి తీస్తాం, మన నీడ దాని మీద పడుతుంది, అది లేచిపోతుంది. మోకాళ్ల మీద కూర్చుని, దాని రెక్క ఎటు వాలి ఉందో కెమెరాని సరిగ్గా దానికి సమాంతరంగా పట్టుకుంటే తప్ప రెక్క మొత్తం స్పష్టంగా రాదు. కన్ను మీద ఫోకస్ పెట్టాలి. రెక్కలు ఎంత బాగా వచ్చినా కన్ను మసకైతే ఫొటో చచ్చినట్టే. ఇవన్నీ తర్వాత తెలిసినవి, ఆ రోజు మాత్రం మోకాళ్లు కొట్టుకుపోయాయి, అంతే.

ఎండిన గడ్డిలో నలుపు తెలుపు గళ్ల రెక్కలవి బోలెడు. ఐబీరియన్ మార్బుల్డ్ వైట్. చదరంగం బల్ల గాల్లో ఎగురుతున్నట్టుంటాయి, నెమ్మదివి, నాలాంటి కొత్తవాడికి దేవుడిచ్చిన మోడల్సు.

దారిలో ఒకావిడ కనిపించింది. అరవై దాటి ఉంటాయి. చేతిలో అట్ట, పెన్సిలు. ఒకే నడకన నడుస్తోంది, ఆగదు, వెనక్కి చూడదు, అటో గీత ఇటో గీత గీసుకుంటుంది. అమ్మాయి వెళ్లి పలకరిస్తే ఆగమన్నట్టు వేలు చూపించి, ఒక రాయి దాకా నడిచి అప్పుడు వెనక్కొచ్చి మాట్లాడింది. ఆ రాయితో ఆమె లెక్క ముక్క పూర్తయింది, అదీ సంగతి. 1994 నుంచీ కతలూన్యాలో, అంటే బార్సిలోనా ఉన్న ఈ రాష్ట్రంలో, ఇలా లెక్క పెడుతున్నారట, దాన్ని నడిపేది గ్రనొలెర్స్ అనే ఊళ్లోని ప్రకృతి మ్యూజియం. మార్చి నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి, అదే దారి, అదే నడక, తనకి అటూ ఇటూ రెండున్నర మీటర్లు, ముందు ఐదు మీటర్లు, ఆ పెట్టెలో కనిపించినవే లెక్క. పెట్టె బయట ఎంత గొప్పది ఎగిరినా రాయకూడదు.

నాకు చెప్పలేనంత సంతోషం వేసింది. ఇది మా సర్వేనే కదా! చేలో వాలుగా నడుస్తూ ఇన్ని మొక్కలు, మొక్కకి ఇన్ని పురుగులు అని రాసుకోవడం. కాకపోతే మేం ఆ అంకె పెరిగితే మందు డబ్బా తీసేవాళ్లం, వీళ్లు ఆ అంకె తగ్గితే దిగులు పడుతున్నారు.

జులై 5, గర్రాఫ్

ఈ రోజు చేసిన బుద్ధితక్కువ పని ముందు రాసుకోవాలి. తొమ్మిదిన్నరకి కొండ ఎక్కడం మొదలుపెట్టాం, ఇద్దరికీ కలిపి లీటరు నీళ్లు. గర్రాఫ్ అంటే సముద్రం పక్కనే లేచిన సున్నపురాయి గుట్టలు, నీడ అనే మాట లేదు. పదకొండు దాటేసరికి రాళ్ల మీద చేయి పెట్టలేం. మాది రేపల్లె వైపు, మార్కాపురం ఎండలు కూడా తిన్నవాణ్ని, ఈ ఎండ నన్నేం చేస్తుందిలే అనుకున్నాను. చేసింది. కళ్లు తిరిగి ఒక పొద పక్కన కూలబడ్డాను, అది ముళ్ల సింధూరం. మోకాలెత్తు పొద, ఆకు ఆకుకీ అంచంతా ముళ్లే. ఎక్కడ గుచ్చుకున్నాయో రాయను.

అక్కడక్కడా నడుమెత్తు తాటిపిల్లల్లాంటివి ఉన్నాయి. తాటాకే, విసనకర్రంత. యూరప్ ప్రధాన భూభాగంలో సొంతంగా పుట్టి పెరిగే తాటి జాతి ఇదొక్కటేనట. కాసేపు వాటి పక్కన కూర్చుంటే ప్రాణం కుదుటపడింది.

స్ట్రైప్డ్ గ్రేలింగ్ అనే సీతాకోకచిలుక వెంట గంటసేపు తిరిగాను. కాళ్ల ముందే లేస్తుంది, పది అడుగుల అవతల రాయి మీద వాలుతుంది, వాలి రెక్కలు మూసిందంటే ఇక లేదు. రాయీ అదీ ఒకటే రంగు. పైగా మూసిన రెక్కల్ని ఎండవైపు ఒరగేస్తుంది, దాంతో నీడ కూడా సన్నని గీతైపోతుంది. ఫొటోలో నాకు వచ్చినవి పద్దెనిమిది రాళ్లు.

తిరుగు దారిలో స్టేషను దగ్గర, రోడ్డు పక్క సోంపు మొక్కలు మనిషెత్తున్నాయి. వాటి మీద చూడండి, ఆకుపచ్చ ఒంటికి నల్ల పట్టీలు, పట్టీల మీద నారింజ చుక్కలు, వేలెడు పొడుగు గొంగళిపురుగు. స్వాలోటెయిల్ పిల్ల. గడ్డిపరకతో మెడ మీద తాకాను. తల వెనక నుంచి నారింజ రంగు రెండు కొమ్ములు తడితడిగా బయటికి తన్నుకొచ్చాయి, పుల్లగా ముక్కు అదిరే వాసన. అచ్చం మన నిమ్మచెట్టు పురుగే! కరివేపాకు మొక్క పెంచినవాళ్లకి తెలుసు, ఆ పురుగుని పుల్లతో పొడిస్తే ఇదే నాటకం ఆడుతుంది. రెండూ ఒకే వంశం. అమ్మాయి చిన్నప్పుడు ఇంటి వెనక నిమ్మచెట్టు దగ్గర దానితో ఇలాగే ఆడి చేతులు కడుక్కోకుండా అన్నం తిని వాళ్లమ్మ చేత తన్నులు తింది. "నాన్నా, అదే వాసన" అంది ముక్కు మూసుకుని.

జులై 13, మొన్సెన్

కింద మండిపోతోందని పైకి వెళ్లాం. అల్లుడు కారు తీశాడు. సాంతా ఫే దాకా కారులో, అక్కణ్నుంచి బీచ్ అనే జాతి చెట్ల అడవిలో నడక, చివర తురో దె లోమ శిఖరం, 1,706 మీటర్లు. మా ఆవిడ సాంతా ఫేలోనే చాప వేసుకుని, "పురుగు కోసం ఈ కొండ ఎక్కేవాళ్లు ఎక్కండి, నేను పులిహోర కాపలా కాస్తాను" అంది.

ఈ కాలంలో కింద కనపడని చాలా రకాలు ఇక్కడున్నాయి. మధ్యధరా వేసవి సీతాకోకచిలుకలకి మన చలికాలం లాంటిది కాదు, మన ఏప్రిల్, మే లాంటిది. గడ్డి ఎండిపోతుంది, పూలుండవు, పిల్లలు తినే లేత ఆకు ఉండదు. కాబట్టి రెక్కలున్నవి కొన్ని కొండెక్కేస్తాయి. కొన్ని ఎక్కవు, నిద్రపోతాయి. మెడో బ్రౌన్ అని మామూలు గోధుమ రంగుది ఉంది, దాని ఆడవి జూన్‌లో జతకట్టి, తర్వాత నీడ పొదల్లోకి దూరి ఎండలు పోయేదాకా కదలకుండా కూర్చుంటాయట. గుడ్లు పెట్టేది ఎండ తగ్గాకే. ఇప్పుడు పెడితే పిల్లకి తిండి లేదు మరి. వానపడే దాకా విత్తనం సంచి విప్పని రైతు లెక్కే ఇది.

శిఖరం మీద గాలి తోసేస్తోంది. రాళ్ల మధ్య నాలుగైదు పెయింటెడ్ లేడీలు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. మన దగ్గరా ఉన్నదే ఇది, నారింజ రంగు మీద నల్ల మచ్చలు, ముందు రెక్క కొసన తెల్ల చుక్కలు. దీని ప్రయాణాల గురించి అల్లుడు ఫోన్లో చదివి వినిపించాడు. ఆఫ్రికాకీ యూరప్‌కీ మధ్య తరాలు మారుతూ ఏటా రాకపోకలు. అదలా ఉంచి, 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలో, ఫ్రెంచ్ గయానా సముద్రపొడ్డున ఇవి కొన్ని కనిపించాయి, రెక్కలు చిరిగి, ఇసకలో కూలబడి. అక్కడ ఈ జాతి ఉండదు. చూసినాయన గెరార్డ్ తలవేరా, ఇదే బార్సిలోనా వృక్షశాస్త్ర సంస్థలో శాస్త్రవేత్త. ఒంటికి అంటిన పుప్పొడి ఏ దేశపు మొక్కలదో చూసి, జన్యువులు చూసి, చివరికి 2024లో తేల్చింది ఏమిటంటే, పశ్చిమ ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి 4,200 కిలోమీటర్లు పైనే ఎగిరొచ్చాయి. గాలి సాయం ఉందనుకోండి. ఆ వివరం వింటున్నప్పుడు ఒకటి వచ్చి నా బూటు మీద వాలింది. కెమెరా సంచిలో ఉంది.

జులై 24

కొల్సెరోలా వెళ్దామని బూట్లు కట్టుకున్నాక తెలిసింది, మంటల ముప్పు ఎక్కువగా ఉందని ఇవాళ కొండ మూసేశారు. ఎండా, పొడి గాలీ కలిసిన రోజుల్లో ఇక్కడ అలా అడవుల్లోకి మనుషుల్ని వెళ్లనివ్వరు. మంచిదే. పార్కులో లావెండర్ దగ్గర కూర్చుంటే హమ్మింగ్‌బర్డ్ హాక్ మాత్ వచ్చింది. పూల ముందు గాల్లో నిలబడి పొడవాటి నాలుకతో తేనె తాగుతుంది, పిల్లలు అది పిట్టే అని వాదించారు. షట్టర్ సెకనులో రెండు వేలలో ఒక వంతుకి పెట్టినా రెక్కలు ఆగలేదు.

ఆగస్టు 11, 12

ఇప్పుడు అసలు సంగతి. టూ టెయిల్డ్ పాషా. వచ్చిన రోజు నుంచీ దీని బొమ్మ చూపించి అల్లుడు ఊరిస్తున్నాడు. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 8 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, ఒక్కో వెనక రెక్కకి రెండేసి తోకలు. దీని జాతిలో యూరప్‌లో ఉన్నది ఇదొక్కటే. మన అడవుల్లో దీని దాయాదులున్నారు, నల్ల రాజా అని ఒకటి ఉంది, దాని పిల్లలు మన చింతచెట్టు ఆకు తిని బతుకుతాయి. మన దగ్గర రాజా, ఇక్కడ పాషా. ఈ పాషా గారి పిల్లలు తినేది అర్బోస్ అనే చెట్టు ఆకు, నున్నటి దట్టమైన ఆకు, చలికాలం ముందు ఎర్రటి గరుకు పళ్లు కాస్తుంది.

పూల మీద ఇది వాలదు. పూలతో పని లేదు. కుళ్లిన పళ్లు, చెట్టు కారే రసం, పులిసినది ఏదైనా కావాలి. కాబట్టి నాలుగు అరటిపళ్లు నల్లబడేదాకా బాల్కనీలో పెట్టి, పిసికి, కొంచెం బీరు పోసి రెండు రోజులు మూత పెట్టమన్నారు. జన్మలో బీరు ముట్టనివాణ్ని, బీరు డబ్బా పట్టుకుని షాపు లైన్లో నిలబడితే వెనక మా ఆవిడ నవ్వు. రెండో రోజుకి ఇల్లంతా కల్లు కాంపౌండు వాసన.

11 సాయంత్రం అర్బోస్ చెట్లున్న గుట్ట మీద ఒక బండ మీద పెట్టి వచ్చాను. 12 పొద్దున్నే వెళ్తే బండ నాకేసినట్టు శుభ్రంగా ఉంది, చుట్టూ గిట్టల గుర్తులు. అడవిపందులు! ఈ కొండల్లో అవి కుక్కల్లా తిరుగుతాయి, రాత్రిళ్లు ఊరి వీధుల్లోకి కూడా వస్తాయి. వాటికి తిండి పెట్టడం ఇక్కడ నేరమట, అమ్మాయి నాకు గట్టిగానే తలంటింది. నిజమే, తప్పు నాదే.

ఆగస్టు 17

ఈసారి ప్లేటులో పెట్టుకుని, పక్కనే కాపలా కూర్చున్నాను. పది దాటింది. కందిరీగలు వచ్చాయి, ఈగలు వచ్చాయి. పదకొండు. తల మీదుగా ఏదో సర్రున పోయింది, రెక్కల చప్పుడు వినిపించింది, నిజంగానే వినిపించింది, సీతాకోకచిలుక రెక్క చప్పుడు నేను అంతకుముందు వినలేదు. ఎత్తైన కొమ్మ కొసన కూర్చుని అటు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతోంది. ఇంకో సీతాకోకచిలుకని తరిమింది, ఒక చిన్న పిట్టనీ తరిమింది.

అరగంట తర్వాత దిగింది. ప్లేటు అంచున వాలి, రెండడుగులు నడిచి, నాలుక చాపి అరటి గుజ్జులో పెట్టేసింది. ఇక ప్రపంచంతో పని లేదు. నేను బోర్లా పడుకుని జానెడు దూరానికి జరిగాను. పైన మామూలు ముదురు గోధుమ రంగు, అంచుకి నారింజ చార, అంతే. మూసిన రెక్క అడుగున ఉంది చూడండి: ఇటుక రంగు పట్టీలు, ప్రతి పట్టీకీ తెల్లటి అంచు, మధ్యలో ఊదా కలిసిన బూడిద, ఆ తర్వాత పైనుంచి కిందికి తెల్లటి గీత, అంచున పసుపు నారింజ, తోకల దగ్గర నీలం చుక్కలు. పోచంపల్లి చీర మడత పెట్టినట్టుంది. ఒక రెక్క కొస ముక్కలా తెగి ఉంది, పిట్ట ముక్కు వాటం. నాలుక కదలడం లేదు కానీ పొట్ట మెల్లగా ఉబ్బుతోంది. పావుగంట తాగి లేవబోయి పక్కకి ఒరిగింది. మత్తెక్కిందో నా ఊహో తెలియదు, అమ్మాయి మాత్రం "పాషా గారికి ఎక్కువైంది" అని వీడియో తీసింది.

63 ఫొటోలు. అన్నీ ఉంచుకున్నాను, ఒక్కటీ తీసేయబుద్ధి కాలేదు. ప్లేటు వెనక్కి తెచ్చాను.

ఆగస్టు 25, ఎబ్రో డెల్టా

ఇది మా ఊరే. అలా అనిపించింది. ఎబ్రో నది సముద్రంలో కలిసే చోట సుమారు 20,000 హెక్టార్ల వరి, బల్లపరుపు నేల, కాలవలు, గట్లు, కొంగలు. కొబ్బరిచెట్లు తక్కువ, అంతే. పైరు రంగు తిరుగుతోంది, కొన్ని మళ్లు కోతకొచ్చాయి. దిగి ఒక కంకి పట్టుకుని గింజ నొక్కి చూశాను, మా ఆవిడ ఫొటో తీసింది, ఈ 87 రోజుల్లో ఆవిడ తీసిన ఒకే ఒక్క ఫొటో.

కాలవ గట్టు మీద రెల్లుకి ఒక తీగ అల్లుకుని ఉంది. తుంచితే పాలు కారాయి. జిల్లేడు కుటుంబమే. అయితే ఉండాలే అని ఆకులు తిరగేశాను. ఉంది. నలుపు, తెలుపు, పసుపు చారలు, ఒంటి మీద మూడు జతల నల్ల కొమ్ములు, మన జిల్లేడు చెట్టు మీద ఊరూరా చూసే పురుగే. ప్లెయిన్ టైగర్. పెద్దవి గట్టు పొడవునా తేలుతున్నాయి, తొందర లేని ఎగురుడు. ఒంట్లో విషం ఉన్నవాడికి తొందరెందుకు? ఏ పిట్టా దాని జోలికి పోదు.

తిరిగొచ్చే దారిలో ఒక పెద్దాయన తన కూరగాయల మడిలో బీన్సు కోస్తున్నాడు. నేను వంగి పూలు చూడటం చూసి రమ్మని పిలిచి, కాయలు విప్పి చూపించాడు. కాయకి గుండ్రటి చిల్లు, లోపల ఆకుపచ్చగా పిడస కట్టినట్టున్న పురుగు. గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టలేదు. కంది పూత మీద, కాయ మీద ఎన్ని వేలు చూశానో. నీలి సీతాకోకచిలుక, పీ బ్లూ. కాయ తొలిచే పెద్ద దొంగలు శనగపచ్చ పురుగు, మారుకా పురుగు, వాటి పక్కన ఇది చిన్న దొంగ, అయినా వాటితో పాటు దీనికీ మందు రాసిచ్చాను. పెద్దది అక్కడే ఒక ఆకు మీద ఉంది, రెక్కలు మూసి, వెనక రెక్కల్ని ఒకదానికొకటి రుద్దుకుంటూ. రుద్దినప్పుడల్లా రెండు సన్నని తోకలు మీసాల్లా కదులుతాయి, వాటి మొదట్లో రెండు నల్ల కళ్లు. తల ఇటుందనుకుని పిట్ట ఇటు పొడుస్తుంది, ప్రాణం అటునుంచి పోతుంది. ఇన్నేళ్లు దీని పురుగుని చూశాను, ఈ తోకలు మాత్రం ఇంత దగ్గరగా ఇదే మొదలు.

నేను వ్యవసాయ శాఖ మనిషినని అమ్మాయి చెప్పేసింది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఏదో అడిగాడు.

"ఏ మందు కొట్టమంటారు అంటున్నాడు, నాన్నా."

వరసలో నడిచి పది చోట్ల కాయలు చూశాను. పదింటిలో రెండు. "ఏం కొట్టొద్దను. చిల్లులున్నవి ఏరి పారేసి మిగతావి తినమను."

ఆయన నవ్వి, మాకు ఒక సంచి నిండా బీన్సు ఇచ్చాడు. రాత్రి కూరకి తరుగుతుంటే ఒక కాయలోంచి ఆకుపచ్చ పురుగు బయటపడింది. మా ఆవిడ కెవ్వుమంది. దాన్ని కాయతో సహా గాజు గ్లాసులో వేసి, పైన గుడ్డ కట్టి కిటికీలో పెట్టాను. 30న బయల్దేరేటప్పటికి గోధుమ రంగు ప్యూపా అయి గ్లాసు అడుగున పడి ఉంది.

సెప్టెంబరు 6, రేపల్లె

పొద్దున అమ్మాయి వాట్సాప్‌లో ఫొటో పంపింది. కర్టెన్ మీద ఏదో నీలంగా ఉంది. ఫోకస్ కర్టెన్ మీద పెట్టింది.